చేరకముందే రాసిన పేజీ

నాలుగు నెలల క్రితం ఒక ఆదివారం పొద్దున మా మేనకోడలు విజయనగరం నుంచి పాసింజరు బండిలో చీపురుపల్లి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే, మా వసారాలోని బల్ల మీద ఐస్‌లాండు దేశపు పటం ఒకటి పరిచింది. చుట్టుకుపోతున్న ఆ కాగితాన్ని ఒక మూల నా కళ్ళజోడు పెట్టెతోనూ, ఒక మూల వక్కల డబ్బాతోనూ, మిగిలిన రెండు మూలలా నా పాత డైరీలతోనూ అణిచిపెట్టి, దసరా సెలవుల్లో తానూ తన భర్తా ఆ చలిదేశం వెళుతున్నామనీ, పడుకోవడానికి పరుపూ వండుకోవడానికి పొయ్యీ లోపలే అమర్చి ఉన్న వ్యానొకటి అద్దెకు తీసుకొని, తామే నడుపుకుంటూ ఆ దేశం చుట్టూ తిరిగి వస్తామనీ చెప్పింది. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. యాభై దాటిన మనిషి. అయినా ఆ పటం మీద వేలు పెట్టి దారి చూపిస్తున్నప్పుడు గొంతులో చిన్నపిల్ల పలికింది.

"మావయ్యా, పోగ్రాం నువ్వే ఎయ్యాల. ఎన్నింటికి బయల్దేరాల, ఎన్నింటికి సేరాల, ఎక్కడ పడుకోవాల, గంటల లెక్కన రాసియ్యి. నీలాగ ఇంకెవులు రాస్తారు?"

ఆ మాటకు ఎవరైనా పొంగిపోవాలి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేటివరకు ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్నవాడిని, బీరువాలో వేపాకు వేసి వాటిని ఏళ్ళ వరసన పేర్చుకున్నవాడిని, పెళ్ళికైనా తీర్థానికైనా మా బంధువర్గం మొత్తానికి ప్రయాణపు పట్టీలు వేసి ఇచ్చినవాడిని. కానీ ఆ రోజు కలం తీసి కాగితం మీద 'బయలుదేరు సమయం' అని ఒక గడి గీశాక, ఆ గడిలో అంకె వేయడానికి నా చెయ్యి రాలేదు. అదే సమయానికి బయట రోడ్డు మీద ఏదో లారీ రెండుసార్లు హారన్ కొట్టింది. ఈ వయసులోనూ రెండు హారన్లు వినబడితే నేను ఉన్నచోట ఆగిపోతాను. బజారులో నడుస్తున్నా అంతే, వెనక వచ్చేవాళ్ళు గుద్దుకొని తిడతారు. ఎందుకాగుతానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నా ఈడువారికి ప్రచారశాఖ వ్యాను గుర్తుండే ఉంటుంది. ఊళ్ళోకి రాగానే పిల్లలు దుమ్ములో వెంటపడే ఆ బండిని మా వైపు సినిమా బండి అనేవారు. టీకాల గురించి, కొత్త రకం విత్తనాల గురించి, చిన్న కుటుంబం గురించి ప్రభుత్వంవారి రీళ్ళు అందులో తిరిగేవి. ఇరవై మూడేళ్ళ వయసులో నేను ఆ బండికి ప్రొజెక్టరు ఆపరేటరుగా చేరాను. బండి తోలేవాడు పాతపట్నం అవతలి పల్లెటూరివాడు, నాకన్న నాలుగేళ్ళు పెద్ద, మాటల్లో సగం ఒడియా కలిపి మాట్లాడేవాడు. బండి చీపురుపల్లిలో ఆగిన ఒక మధ్యాహ్నం భోజనానికని నేనే అతణ్ణి మా ఇంటికి తీసుకెళ్ళాను. మా నాన్న అతని నవ్వు చూశాడు, అక్క అతను తిన్న తీరు చూసింది, వచ్చే వేసవికి అతను మా బావ అయ్యాడు. ఆ సంబంధం నేను కుదిర్చినదేనని చాలాకాలం గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

కొండప్రాంతాల్లో మా క్యాంపులు వారాల తరబడి సాగేవి. బండిలో ప్రొజెక్టరు పెట్టె, జనరేటరు, చుట్టిన తెర, తెర కర్రలు పోగా మిగిలిన సందులో ఇద్దరం పక్కలు వేసుకునేవాళ్ళం. వెనక తలుపు తీసి, స్టౌ వెలిగించి వంట చేసేది బావే. మార్గశిర పుష్యమాసాల్లో ఆ కొండల మీది చలి ఎలాంటిదంటే, పొద్దున లేచేసరికి దుప్పటి మీది తడిని పిండితే నీళ్ళు వచ్చేవి.

మా దగ్గరున్న రీళ్ళలో ఏ దేశంవారో పంపిన పది నిమిషాల ఇంగ్లీషు చిత్రం ఒకటి ఉండేది. నల్లని రాళ్ళు, మంచుకొండలు, చెట్టన్నది లేని నేల, ఆ నేల మీద ఇల్లులాంటి ఒక చిన్న బండి. ఒక ముసలాయన ఆ బండి వెనక తలుపు తీసి, చేతిలో కప్పుతో నిలబడి కొండవైపు చూస్తుంటాడు. అంతే చిత్రం. ఆ ఇంగ్లీషు మా ఇద్దరికీ తెలియదు, చూసేవాళ్ళకు అసలే తెలియదు. అందుచేత బావ తెర పక్కన నిలబడి తన సొంత కథ చెప్పేవాడు.

"సూడండర్రా, ఈ ముసలోడికి పెళ్ళాం పోరు పడలేదు. బండినే కొంప సేసుకొని మంచులోకి ఎలిపోనాడు. ఇప్పుడా కప్పులో ఏటున్నాదో సెప్పండి సూద్దాం!"

కల్లు అని కొందరు, గంజి అని కొందరు అరిచేవారు. టీ అని తీర్పు చెప్పి, నావైపు తిరిగి కన్నుకొట్టేవాడు. ఎందుకంటే టీ లేకపోతే బావకు పొద్దు పొడవదు.

ఆ చిత్రం చూపించి చూపించి అతనికి ఆ దేశం పిచ్చి పట్టింది. సర్వీసులోంచి తీసేసిన ఇలాంటి బండి ఒకటి వేలంలో కొనుక్కొని, అక్కనూ అప్పటికి రెండేళ్ళ పిల్ల అయిన మా మేనకోడలినీ ఎక్కించుకొని, నన్ను వెనక కూర్చోబెట్టుకొని అక్కడికి వెళ్ళాలన్నాడు. నవ్వులాటకే మొదలైనా, ఆటలేని సాయంత్రాల్లో మేం దానికి నిజంగానే పథకం వేశాం. నా డైరీ చివరి పేజీలలో 'చలిదేశం ప్రోగ్రాం' అని శీర్షిక పెట్టి, చోడిపిండి అనే రాగిపిండి, బెల్లం, ఉప్పుచేప, ఆవకాయ జాడీ, కిరసనాయిలు, గొంగళ్ళు, పాపకు ఉన్ని టోపీ అని వరసగా రాశాను. రీలు డబ్బా మీది ఐస్‌లాండు పేరు పట్టుకొని, ఒక బడిలో అట్లాసు అడిగి తెచ్చి చూస్తే దారిలో సముద్రం వచ్చింది. "సముద్రమైతే ఏటి? బండినే ఓడెక్కించీద్దాం, ఓడోడికి మన బొమ్మ ఆడించి సూపిద్దాం" అన్నాడు. అది కూడా రాసుకున్నాను. బావ ఏమన్నా రాసుకోవడం నాకు అలవాటు.

ఇంకో అలవాటు గురించి ఇప్పుడు చెప్పాలి. ప్రభుత్వంలో పనిచేసినవారికి తెలుసు, నెల ముందే పర్యటన కార్యక్రమం పంపాలి, నెలాఖరుకు పర్యటన డైరీ పంపాలి, రెండూ సరిపోవాలి. మా అధికారికి కొట్టివేతలు గిట్టేవి కావు. నేను రోజువారీ వివరాలు ముందు నా సొంత డైరీలో రాసి, నెలాఖరున దాన్ని చూసి కార్యాలయపు ప్రతి తయారుచేసేవాణ్ణి. పొద్దున చలికి వేళ్ళు కొంకర్లుపోయి అక్షరం కుదిరేది కాదు. బావ వంట చేస్తుండగా, పెట్రోమాక్సు వెలుతురులో సాయంత్రం చెయ్యి బాగా ఆడేది. అందువల్ల మెల్లగా నేను రేపటి పేజీ ఈరోజే రాయడం మొదలుపెట్టాను. ఇన్నింటికి బయలుదేరాం, ఇన్నింటికి చేరాం, జనం బాగా వచ్చారు అని. మర్నాడు రాసినట్టే జరిగేది. జరగకపోతే జరిగేలా చేసేవాణ్ణి. ఒక్క కొట్టివేత లేని నా డైరీని చూసి అధికారి మెచ్చుకుంటే, ఆ మెప్పు కాగితానికి వచ్చిందో నిజంగా గడిచిన రోజుకు వచ్చిందో ఆలోచించే తెలివి నాకు లేదు.

ఆ సాయంత్రం కూడా అలాగే రాస్తున్నాను. మర్నాడు ఘాటీ అనే ఆ కొండదారి దిగి అవతలనున్న సంత ఊరికి చేరాలి. బావ చోడి అంబలి కలుపుతూ నా భుజం మీంచి తొంగిచూశాడు.

"ఒరే, రేపు నాను తినబోయేది కూడా రాసీసినావేటి?"

ఇంకా రాయలేదన్నాను.

"అయితే సేపల పులుసు రాయి. సంత ఊరు గదా, దొరుకుతాది. రెండుసార్లు వడ్డించుకున్నాడని రాయి. నీ రాతలోనైనా కడుపు నిండనీ."

నవ్వి, అలాగే రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఇలా ఉంది: '5-30 బయలుదేరాం. 8-15 ఘాటీ దిగాం. 11-10 సంత ఊరు చేరాం. భోజనం. బావ చేపల పులుసుతో రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాడు. 7-00 ఆట. జనం బాగా వచ్చారు.'

పొద్దున లేచేసరికి చాచిన చెయ్యి కనబడనంత మంచు. బావ అప్పటికే స్టౌ మీద టీ పెట్టాడు. టీ తాగి వెళ్దామనీ, ఈలోగా మంచు దిగుతుందనీ అన్నాడు. ఆట సాయంత్రం ఏడింటికి. రెండు గంటలు ఆలస్యమైతే ఆకాశం ఊడిపడదు. కానీ నా పేజీలో అయిదున్నర అని సిరాతో ఉంది. నేను గుడ్డతో గిన్నె పట్టుకొని స్టౌ మీంచి దించేశాను. ఇంకా పొంగు రాని ఆ టీని రాళ్ళ మీద పారబోసి, గిన్నె తుడిచి, లోపల పెట్టేశాను. బావ నన్నొకసారి చూశాడు. "సరే పద, నీ డైరీ గారికి కోపమొస్తాది" అని బండి ఎక్కాడు.

మంచులో ఘాటీ దిగేటప్పుడు పాటించే పద్ధతి ఒకటుంది. ఒకరు వీపు మీద తెల్లతువ్వాలు పరుచుకొని బండికి ముందు నడవాలి, తోలేవాడు ఆ తెలుపును చూసుకుంటూ మెల్లగా రావాలి. ఒక హారన్ అయితే నడువు అని, రెండయితే ఆగు అని. డైరీ చొక్కా లోపల దోపుకొని నేను ముందు నడిచాను. రెండు మలుపులు దాటాక గడియారం చూసుకుంటే ఇరవై నిమిషాలు వెనకబడి ఉన్నాం. నడక పెంచాను. వెనక రెండు హారన్లు వినిపించాయి. తువ్వాలు కనబడటం లేదని చెబుతున్నాడు. నేనది వేళాకోళమనుకున్నాను. నా తొందర చూసి ఏడిపిస్తున్నాడనుకొని ఇంకా పది పన్నెండు అడుగులు వేశాను. నా తెలుపును అందుకోవాలని అతను బండి ముందుకు తోలినట్టున్నాడు. తర్వాత ఇంజను చప్పుడు లేదు. రాళ్ళు దొర్లుతున్న చప్పుడు మాత్రం కిందనుంచి చాలాసేపు వచ్చింది.

మంచు ఎనిమిదింటికల్లా పూర్తిగా విడిపోయి, ఎండ కాసింది. లోయలో పొదల మీద మా తెర విప్పుకొని, ఎవరో ఆటకు కట్టినట్టే పరుచుకొని ఉంది.

ఆ కబురు బస్సు డ్రైవరు నోట పడి చీపురుపల్లి చేరేసరికి సాయంత్రమైంది. జరిగినదానికి నివేదిక నేనే రాశాను. కార్యక్రమం ప్రకారం 5-30కి బయలుదేరామనీ, మంచులో దారి కానరాక ప్రమాదం జరిగిందనీ రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎందుకు ఆగలేదని ఏ అధికారీ అడగలేదు. అక్క మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, బయలుదేరేముందు ఏమైనా తిన్నాడా అని. లేదన్నాను. ఎందుకు తినలేదని అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, ఏటా ఆ తిథినాడు పొద్దు పొడవకముందే ఒక గ్లాసు టీ కాచి అరుగు మీద పెట్టేది. ఖాళీ కడుపుతో పోయిన మనిషి అని పిల్లకు చెప్పేది. నేను ఏటా వెళ్ళి ఆ గ్లాసు పక్కన కూర్చునేవాణ్ణి. నాలుగేళ్ళ క్రితం అక్క పోయింది.

ఇదీ నేను ఐస్‌లాండు కాగితం ముందు కలం పట్టుకొని కూర్చున్నప్పుడు నా వెనక ఉన్నది.

అయినా పని మానలేదు. నెల రోజులు ఆ దేశం గురించి ఫోనులో చదివాను. అక్కడ గాలి ఎలాంటిదంటే, ఆదమరిచి తలుపు తీస్తే తలుపునే విరిచి పట్టుకుపోతుందట. చలికాలం మొదలైతే కొండదారులు మూసేస్తారట. గాలివానలకు పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఉంటాయట. ఇవన్నీ ఎర్రసిరాతో రాశాను. పన్నెండు రోజుల ప్రయాణానికి మూడు ఖాళీ రోజులు పెట్టాను. మా అల్లుడు ఫోన్ చేసి, ఆ ఖాళీ రోజుల్లో ఏం చూడాలని అడిగాడు. ఏమీ చూడకూడదు, ఆగాలి అన్నాను. "ఆగడానికి అంత దూరం ఎల్లాలా మావయ్యా? మన వసారాలో ఆగీవోళ్ళం గదా" అని నవ్వాడు.

ప్రోగ్రాం తీసుకోవడానికి మేనకోడలు మళ్ళీ వచ్చిన రోజున, తన తండ్రి వేసిన చలిదేశం ప్రోగ్రాం చూపించమంది. అమ్మ చెప్పేదట, చూడలేదట. బీరువా తీసి ఆ సంవత్సరపు డైరీ ఇచ్చాను. ఇవ్వకూడదని ఒక్క క్షణం అనిపించింది, కానీ ఏ సాకూ దొరకలేదు. చివరి పేజీలు చదివి, ఉన్ని టోపీ దగ్గర ఆగి, ఓడ దగ్గర నవ్వింది. ఆ తర్వాత పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయి ఆ తారీఖు దగ్గర ఆగింది. తను పుట్టిన తారీఖు కంటే బాగా తెలిసిన తారీఖు అది. మెల్లగా, వేలు పెట్టి చదివింది. తల ఎత్తేసరికి కళ్ళు నిండిపోయి ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నాన్న సేరేడా మావయ్యా? అన్నం తిన్నాడా? రెండుసార్లా? మరి అమ్మ అలా సెప్పినాదేటి... తిరిగొచ్చీటప్పుడా జరిగింది?"

నేను ఊరుకుంటే చాలు. అబద్ధం ఆడక్కర్లేదు, కాగితమే ఆడుతోంది. యాభై ఏళ్ళుగా ఆకలితో తిరుగుతున్న తండ్రికి ఆ పిల్ల ఒక్క నిమిషంలో కడుపునిండా అన్నం పెట్టింది. ఆ కంచం లాగెయ్యడానికి నాకు చేతులెలా వస్తాయి? కానీ ఆమె పక్కనే నేను వేసిన కొత్త ప్రోగ్రాం ఉంది. దాన్ని నమ్మి తన భర్తతో ఆమె మంచులోకి వెళుతోంది. నా రాత ఎలాంటిదో తెలియకుండా దాన్ని చేతపట్టుకొని ఆమె వెళ్ళకూడదు.

చెప్పాను. ముందురోజు సాయంత్రం రాశానని చెప్పాను. పులుసు మీ నాన్న హాస్యానికి రాయించాడని చెప్పాను. టీ గిన్నె నేనే దించానని, రెండు హారన్లూ విన్నానని, ఆగలేదని చెప్పాను. నివేదికలో రాయనిది, అక్క అడగనిది అంతా చెప్పాను. ఆమె డైరీ మూసి బల్ల మీద పెట్టింది. పటం మడిచింది. నేను వేసిన ప్రోగ్రాం అక్కడే వదిలేసి, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయింది.

పదకొండు రోజులు ఫోను లేదు. ఆ పదకొండు రోజులూ నా డైరీలో 'కబురు లేదు' అన్న రెండు మాటలే ఉన్నాయి. వాటిని ముందుగా రాయలేదు, ఏ రోజుది ఆ రోజు గడిచాకనే రాశాను.

పన్నెండోరోజు పొద్దున వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, టీ కాచి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చి, ఒకటి నా ముందు పెట్టింది. ఇద్దరం తాగాం. తర్వాత, ముందురోజు సాయంత్రం నాన్న ఏం తిన్నాడని అడిగింది. చోడి అంబలి, కాల్చిన ఉప్పుచేప, రెండు పచ్చిమిరపకాయలు అన్నాను. అది నిజమేనా అంది. అది తిన్నాక రాసింది, నిజమే అన్నాను. తల ఊపింది. నేను ఆ పాత పేజీని ఇప్పుడైనా కొట్టేస్తానని కలం తీస్తే నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు మావయ్యా. నాన్న రాయమన్నాడు గదా, ఉండనీ."

నన్ను క్షమించిందో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. మా ఇంట్లో పెద్ద ప్రశ్నలు అడగకపోవడం అక్క దగ్గర నేర్చుకున్నదే.

బల్ల మీద వదిలేసిన ప్రోగ్రాం తీసుకొని, సంచిలోంచి తన ఎర్రకలం తీసి, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దడం మొదలుపెట్టింది. బయలుదేరు సమయం గడిలో నేను ఎంతో ఆలోచించి వేసిన తొమ్మిది అంకెలనూ వరసగా కొట్టేసి, ఒక్కొక్కదాని పక్కనా 'టీ తాగేక' అని రాసింది. తొమ్మిదిసార్లు రాసింది. చేరు సమయం గడిని మొత్తంగా అడ్డగీత పెట్టి కొట్టేసింది. ఇన్నేళ్ళ నా రాతలో అన్ని కొట్టివేతలు నేను ఎన్నడూ చూడలేదు.

వచ్చే నెలలోనే వాళ్ళ ప్రయాణం. ఇప్పటి వ్యానుల్లో వెచ్చదనానికి హీటరు ఉంటుంది, దారి చూపే ఫోను ఉంటుంది, గాలి ఎప్పుడు లేస్తుందో రెండు రోజుల ముందే తెలుస్తుంది. తువ్వాలు కప్పుకొని ఎవరూ ముందు నడవక్కర్లేదు. మనకాలంలో ఒక మనిషి చేరాడో లేదో తెలియాలంటే ఆ మనిషే తిరిగిరావాలి, లేదా సాయంత్రం బస్సు రావాలి. ఇప్పుడు చేరిన మరుక్షణం బొమ్మతో సహా కబురు వస్తుంది. ఇవన్నీ మంచివే. అయినా స్టౌ మీద టీ పొంగేవరకు కూర్చోవాలన్న సంగతి ఏ యంత్రమూ మనిషికి నేర్పలేదు, బావ ఒక్కడే నేర్పబోయాడు.

మేనకోడలు వెళ్తూ నాకొక పని అప్పజెప్పింది. ఆ పన్నెండు రోజుల డైరీ తన తరఫున నేనే రాయాలట. కానీ తను ఫోన్ చేసి చేరామని చెప్పాకనే రాయాలట. నిన్న ఆ పేజీలు తెరిచి, పైన తారీఖులు మాత్రం వేసి, కలం మూత పెట్టేశాను.